తామరాకుపై నీటిబొట్టు – డాక్టరు థామస్ యంగ్

భౌతికశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు థామస్ యంగ్ పేరు రెండు తావుల వినియుండును. తీగను సాగదీసినపుడు అది చూపు బిగువును కొలుచు గుణకమునకు ఆయన పేరు పెట్టిరి. రెండు సన్నని చీలికలగుండ వెలుతురును పంపి, తెరపై వెలుగుచీకటి చారలను చూపు ప్రయోగమునకును ఆయన పేరే కలదు. మూడవ తావొకటి ఉన్నది. అచ్చట ఆ పేరు సాధారణముగా వినబడదు. తామరాకుపై నీటిబొట్టు ముత్యమువలె ఎందులకు నిలుచును? అదే నీరు శుభ్రమైన గాజుపలకపై ఎందులకు పరచుకొనును? ఈ ప్రశ్నకు మూలమైన సమాధానమును మొట్టమొదట చెప్పినవాడు ఆయనయే. చెప్పిన కాలమున దానిని చదివినవారు కొలదిమంది. గ్రహించినవారు మరింత కొలదిమంది. రెండువందల ఏండ్లు గడచిన పిమ్మట, సముద్రముపై ఒలికిన ముడినూనెను నీటినుండి వేరుచేయుటకై పరిశోధనశాలలలో రూపొందించుచున్న పూతజల్లెడలకు ఆ సమాధానమే పునాది.

థామస్ యంగ్ 1773వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఇంగ్లండునందలి సోమర్‌సెట్ మండలములో మిల్వర్టన్ అను చిన్న ఊర జన్మించెను. వారిది క్వేకరు మతశాఖకు చెందిన కుటుంబము. పదిమంది సంతానములో అతడు పెద్దవాడు. రెండవ ఏటనే తడుముకొనకుండ చదువ నేర్చెననియు, నాలుగేండ్లు నిండునప్పటికి బైబిలును రెండు మారులు ముగించెననియు చెప్పుదురు. బాలమేధావులనుగూర్చిన కథలలో సగము వారు పెద్దవారై పేరు పొందిన పిమ్మట అల్లినవే అయియుండును. కాని పదునాలుగవ ఏటికి లాటిను, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియను, హీబ్రూ భాషలు అతనికి వచ్చియుండుటయు, అరబ్బీ, పారసీ భాషలలో ప్రవేశముండుటయు కల్పన కాదు. ఆ వయస్సుననే హెర్ట్‌ఫర్డ్ మండలములోని ఒక ధనికగృహమున హడ్సన్ గర్నీ అను బాలునికి సహాధ్యాయిగా చేరి, అచ్చట ఐదేండ్లు గడపెను. బడిలో కూర్చుండి నేర్చినది కొంత. తనంత తాను పుస్తకములనుండి రాబట్టుకొన్నది కొండంత. ఇదియే అతని బలము, ఇదియే అతని లోపమును. ఇతరులు మెట్టు తరువాత మెట్టు ఎక్కవలసియుందురని అతనికి జీవితాంతమువరకు తోచినట్లు లేదు.

తల్లి తరపు బంధువగు రిచర్డ్ బ్రాక్లెస్‌బీ లండనులో పేరుపడిన వైద్యుడు. ఆయన ప్రోత్సాహమున యంగ్ వైద్యవిద్యకు పూనుకొనెను. విద్యార్థిగా ఉండగనే ఎద్దుకన్నును కోసి పరీక్షించి, దూరపు వస్తువులను దగ్గరి వస్తువులను మార్చి మార్చి చూచుటకు కంటిలోని కటకమే తన ఆకారమును మార్చుకొనుచున్నదని 1793లో రాయల్ సొసైటీకి ఒక పత్రము సమర్పించెను. మరుసటి సంవత్సరము, ఇరువదియొకటవ ఏట, ఆ సంఘము ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. పిమ్మట ఎడిన్‌బరోలోను, జర్మనీలోని గాటింగెన్ నగరమునను చదివి 1796లో పట్టము పొందెను. ఆ సందర్భమున సమర్పించిన వ్యాసముతోపాటు మానవకంఠమునుండి వెలువడు ధ్వనులన్నిటికిని సరిపోవునట్లు 47 అక్షరముల వర్ణమాలనొకదానిని కల్పించుట ఆయన స్వభావమునకు తగియున్నది. తరువాత కేంబ్రిడ్జిలో చేరెను. తోటివారు ఆయనకు పెట్టిన బిరుదులో మెచ్చుకోలెంతయో ఎత్తిపొడుపును అంతయే. వారాయనను అద్భుతయంగ్ అని పిలిచిరి. 1797లో బ్రాక్లెస్‌బీ మరణించుచు లండనులోని ఇంటిని, పదివేల పౌనుల ధనమును ఆయనకు వ్రాసి యిచ్చెను. అన్నవస్త్రములకు లోటులేని స్థితి కలిగినది. అయినను మంచి వైద్యునిగా పేరు గడింపవలెనను పట్టుదలమాత్రము ఆయనను విడువలేదు.

1801లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ప్రకృతిశాస్త్రాచార్యపదవి లభించెను. రెండేండ్లలో 91 ఉపన్యాసములిచ్చెను. అదే సంస్థలో అదే కాలమున హంఫ్రీ డేవీ ఉపన్యాసములకు లండను నగరపు పెద్దలును స్త్రీలును బండ్లుకట్టుకొని వచ్చుచుండిరి. యంగ్ ఉపన్యాసములో విషయము అంతకంటె బరువైనది. కాని ఒక వాక్యములో నాలుగు వాక్యముల సరకు నింపుట ఆయన అలవాటు. వినువారికి ఊపిరి తిరుగలేదు. ఆ ఉపన్యాసములు 1807లో రెండు పెద్ద సంపుటములుగా అచ్చయినవి. శక్తి అను పదమును నేటి శాస్త్రార్థమునకు దగ్గరగా వాడినదియు, సాగుగుణకమును వివరించినదియు ఆ సంపుటములలోనే. ఉపాధ్యాయులు ఈ విషయమును గమనింపదగును: తరగతిలో ఓడిన పాఠము గ్రంథమున గెలిచినది.

ఈ పదవిని ఆయన 1803లోనే వదలుకొనెను. శాస్త్రములవెంట తిరుగు వైద్యునికి రోగులు తమ ప్రాణములనప్పగింపరను భయమే అందులకు కారణము. అటుపైన చాలకాలము ఆయన అనేక రచనలను పేరులేకయే ప్రకటించుచు వచ్చెను. ఇంతలో మరియొక దెబ్బ తగిలినది. కాంతి తరంగరూపమున ప్రయాణించునని, రెండు తరంగములు కలిసినచోట వెలుతురు వెలుతురుతో కూడి చీకటి కావచ్చునని ఆయన చేసిన సిద్ధాంతము న్యూటను అభిప్రాయమునకు విరుద్ధము. న్యాయవాదియు రాజకీయవాదియునగు హెన్రీ బ్రౌహామ్ ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో దానిని అపహసించి వ్రాసెను. యంగ్ తన సమాధానమును చిన్నపుస్తకముగా అచ్చొత్తించెను. అది ఒక్క ప్రతి మాత్రమే అమ్ముడుపోయెనట. ఫ్రాన్సులో ఫ్రెనెల్ గణితముతో అదే సిద్ధాంతమును నిలువబెట్టువరకు ఇంగ్లండులో దానిని పట్టించుకొన్నవారు అరుదు.

ఇట్టి సమయముననే, 1804 జూన్ మాసమున, ఎలైజా మాక్స్‌వెల్ అను యువతితో ఆయనకు వివాహమైనది. సంతానము కలుగలేదు, దాంపత్యము అన్యోన్యమైనది. ఆ సంవత్సరమే డిసెంబరు 20వ తేదీన ద్రవముల సంసంజనమునుగూర్చిన వ్యాసము రాయల్ సొసైటీలో చదువబడెను. 1805లో అది అచ్చయినది. కాంతిని గూర్చిన వాదమంత సందడి దీనివలన కలుగలేదు. అయినను ఆయన బుద్ధి తీరును, వ్రాత తీరును తెలిసికొనగోరువారు చూడవలసినది ఈ వ్యాసమునే.

సన్నని గాజుగొట్టమును నీటిలో నిలిపినచో నీరు అందులో ఎగబ్రాకునని అప్పటికి అందరు ఎరిగినదే. ఒక మిల్లీమీటరు బెజ్జముగల గొట్టములో నీరు సుమారు మూడు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కును. బెజ్జము సగమైనచో ఎత్తు రెట్టింపగును. పాదరసమైనచో ఎక్కుటకు బదులు దిగును. యంగ్ దీనికంతటికిని రెండు మాటలలో కారణము చూపెను. మొదటిది, ద్రవముయొక్క పైతలము బిగించిన పొరవలె తన్ను తాను ముడుచుకొనజూచును. దీనినే నేటి పాఠ్యపుస్తకములు తలతన్యత అనుచున్నవి. రెండవది, ఒక ఘనపదార్థమునకును ఒక ద్రవమునకును పొత్తు కుదిరినపుడు, వాని హద్దున ఏర్పడు కోణము ఆ జంటకు నియతమైనది. బొట్టు చిన్నదైనను పెద్దదైనను, పాత్ర గుండ్రనిదైనను చదరమైనను, ఆ కోణము మారదు. దానికే స్పర్శకోణమని పేరు. శుభ్రమైన గాజుపై నీటికి అది ఇంచుమించు సున్న. మైనముపై నీటికి లంబకోణమునకు మించును. గాజుపై పాదరసమునకు సుమారు 140 డిగ్రీలు.

ఆ కోణము ఎట్లు కుదురును? బొట్టు అంచున మూడు హద్దులు కలియుచున్నవి. ఘనమునకును గాలికిని నడుమనున్న హద్దు అంచును వెలుపలికి లాగును. ఘనమునకును ద్రవమునకును నడుమనున్న హద్దు లోపలికి లాగును. ద్రవమునకును గాలికిని నడుమనున్న హద్దు బొట్టు వాలువెంట లాగును. ఈ మూడు లాగులును సరితూగిన కోణమున అంచు నిలుచును. ఇంతే. ఇందులో ఒక్క సమీకరణము లేదు. యంగ్ వ్యాసమునను లేదు. వ్యాసమంతయు మాటలతోనే నడచినది. గురుతులతో వ్రాసినచో ఒక్క పంక్తిలో ఇముడు విషయమును ఆయన బరువైన వాక్యములలో దట్టించి, మధ్యనున్న తర్కమును చదువరి ఊహకు వదలెను. నేడు పాఠ్యపుస్తకములలో ఆయన పేరిట కనబడు సమీకరణము పిమ్మటివారు ఆయన మాటలనుండి తీసినది.

ఆ వైఖరికి ఆయన మూల్యము చెల్లింపవలసివచ్చినది. 1806లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు అదే విషయమును కలనగణితముతో మెట్టుమెట్టుగా నిరూపించి, ఖగోళయంత్రశాస్త్రమునుగూర్చిన తన మహాగ్రంథమునకు అనుబంధముగా ప్రకటించెను. యూరపునందలి విద్వాంసులు దానిని చదివిరి. తన పనికి తగిన గుర్తింపు దక్కలేదని యంగ్ కినిసి, 1809లో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో లాప్లాసు గ్రంథమును విమర్శించెను; అదియు పేరులేకయే. పేరు చెప్పక తన ప్రథమత్వమును వాదించుకొనుటలో కొంత విచిత్రము లేకపోలేదు. వంపుతిరిగిన ద్రవతలమునకు ఇరుప్రక్కల పీడనములో కలుగు భేదమును తెలుపు సూత్రమునకు మాత్రము శాస్త్రలోకము పిమ్మట ఇద్దరి పేర్లను జతపరచినది.

తలతన్యతనుండియే ఆయన మరియొక సాహసము చేసెను. ద్రవకణములు ఒకదానినొకటి పట్టుకొను బలము ఎంత దూరమువరకు పనిచేయునని లెక్కించి, అది అంగుళములో ఇరువదియైదు కోట్లవ వంతు అని 1816లో ప్రకటించెను. అణువులు ఉన్నవో లేవో అని వాదించుకొను దినములలో చేసిన లెక్క యిది. నేడు తెలిసిన అణుపరిమాణములకు అది బహు సమీపము. దీనిని సుమారు డెబ్బదియైదేండ్లు ఎవరును జ్ఞాపకముంచుకొనలేదు. 1890లో లార్డ్ రేలీ వెలికి తీసెను.

వైద్యమున ఆయనకు దక్కినది సామాన్యమైన స్థానము. 1811 మొదలు మరణమువరకు లండనులోని సెంట్ జార్జ్ ఆస్పత్రిలో వైద్యుడుగా ఉండెను. మిగిలిన శ్రద్ధ నలుదిక్కులకు పంచుకొనబడెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వపు అనుబంధమునకు అరువదికి మించిన వ్యాసములు వ్రాసెను. 1818 మొదలు నావికుల పంచాంగమును పర్యవేక్షించెను. 1813లో భాషలను పోల్చి వ్రాయుచు ఇండో–యూరోపియను అను పేరును తొలుత వాడినవాడును ఆయనయే. మూడేండ్లకు, 1816లో, చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యము కాదనియు, అరవ కన్నడములతోకూడిన వేరు కుటుంబమునకు చెందినదనియు నిరూపించెను. అనగా యంగ్ పేరు పెట్టిన కుటుంబపు ఎల్లలలో ఒకటి తెలుగుదేశపు అంచుననే తేలినది. రొసెట్టా శిలపైనున్న ఈజిప్టు లిపిని విప్పుటకు యంగ్ 1814లో పూనుకొని, రాజుల పేర్లలోని కొన్ని అక్షరములను పట్టుకొనెను. దానిని పూర్తిగా చదివిన ఘనత 1822లో షాంపోలియనుకు దక్కినది. ఇచ్చటను తొలి అడుగు ఒకరిది, బాట మరియొకరిది.

1829 మే 10వ తేదీన, ఏబదియారు నిండకుండ, లండనులో యంగ్ కన్నుమూసెను. చివరి దినములలోను ఈజిప్టు భాషా నిఘంటువును సవరించుచునే యుండెను. బాల్యస్నేహితుడగు హడ్సన్ గర్నీ వెస్ట్‌మినిస్టర్ ఆబేలో వేయించిన స్మారకఫలకము కాంతితరంగములను, ఈజిప్టు లిపిని పేర్కొనుచున్నది. బొట్టు అంచునందలి కోణమునకు ఆ ఫలకముపై తావు లేదు.

కాని ఆ కోణము నిలిచినది. యంగ్ మరణించిన మరుసటి ఏట జర్మను గణితవేత్త గౌస్ దానికి దృఢమైన నిరూపణము కల్పించెను. 1936లో వెంజెల్ తలము గరుకైనపుడు కోణము ఎట్లు మారునో చూపెను. 1944లో కాసీ, బాక్స్‌టర్ అనువారు సందులుగల తలములకు, అనగా ఉన్నిబట్టలకు, పక్షిరెక్కలకు, తీగవరుసలకు, ఆ సూత్రమును విస్తరించిరి. తామరాకుపై మైనపు బుడిపెల నడుమ గాలి చిక్కుకొని యుండుటచేతనే బొట్టు దాదాపు బంతివలె నిలుచునని వీరి సూత్రములు తెలిపినవి.

ఈ లెక్కలో గాలికి బదులు నీటిని, నీటిబొట్టుకు బదులు నూనెబొట్టును ఉంచినచో ఏమగును? మూడు లాగులు మూడుగనే యుండును. పాత్రధారులు మాత్రము మారుదురు. నీటిని మిక్కిలి ప్రేమించు తలము నీట మునిగియున్నపుడు తన్నంటియున్న నీటిని నూనెకొఱకు వదలుకొనదు. అందుచే నూనె దానిపై పరచుకొనక ముత్యమై నిలుచును. ఆ తలమే గాలిలో పొడిగా ఉన్నచో అదే నూనె దానిపై హాయిగా ప్రాకును. గారెలు తట్టునపుడు చేయి తడిచేసికొనుట ఇంటింట ఎరిగిన ఉపాయము. ముందు నీరు పట్టిన అరచేతిని పిండి పట్టదు. చేప ఒడలు నూనె తేలు నీటిలోను జిడ్డుకాకుండుటకు మూలమిదియే. చేపపొలుసులు నీటిలో నూనెను ఇట్లు వికర్షించునని 2009లో చైనా శాస్త్రజ్ఞులు, వారిలో జియాంగ్ లెయ్ ఒకరు, కొలతలతో చూపిరి.

మరుసటి ఏట, 2010 ఏప్రిల్ 20వ తేదీన, మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వక వేదిక ప్రేలిపోయి పదునొకండుగురు మరణించిరి. బావిని మూయుటకు 87 దినములు పట్టినది. బావినుండి వెలువడిన ముడినూనె సుమారు 49 లక్షల పీపాలని అమెరికా ప్రభుత్వము అంచనా వేసినది. ఇట్టి నూనెను నీటినుండి వడకట్టు సాధనము అవసరమని వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకు ముందే, 2004లో, నీటిని వికర్షించి నూనెను మాత్రమే పోనిచ్చు పూతగల తీగజల్లెడను తయారుచేసియుండిరి. అది తామరాకు తెగకు చెందినది. దానికి రెండు చిక్కులు కలవు. చిక్కని నూనె దాని కన్నములలో పేరుకొని వానిని మూసివేయును. పైగా నీరు నూనెకంటె బరువైనదగుటచే అడుగున చేరి జల్లెడకును నూనెకును అడ్డుపడును. 2011లో జియాంగ్ లెయ్ బృందము దీనిని తలక్రిందులు చేసినది. ఉక్కు తీగజల్లెడకు నీటిని పీల్చి పట్టియుంచు జెల్లీవంటి పూత, అనగా హైడ్రోజెల్, పట్టించిరి. ముందుగా తడిసిన ఆ జల్లెడపై నూనె కలిసిన నీటిని పోయగా, నీరు క్రిందికి దిగిపోయెను. నూనె పైననే నిలిచెను. అంటలేదు గనుక కడుగుటయు సులభము.

కన్నము ఎంత చిన్నదైన అంత బరువుగల నూనెను జల్లెడ ఆపగలదు. యంగ్, లాప్లాసుల పీడనసూత్రము ఇచ్చట మాటకు మాట వర్తించును: కన్నపు వెడల్పు సగమైనచో నిలువగల పీడనము రెట్టింపు. అయితే నీరు దిగు వేగము తగ్గును. ఈ రెంటికి నడుమ బేరమాడుటయే జల్లెడ నేయువాని పని.

పరిశోధనశాల గిన్నెలోని మంచినీరు వేరు, సముద్రము వేరు. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల ఉప్పుండును. అట్టి నీటిలో కొన్ని జెల్లీలు ముడుచుకొని పట్టిన నీటిని కోల్పోవును. కర్మాగారముల మురుగులో ఆమ్లములు, క్షారములు ఉండును. లోహపు హైడ్రాక్సైడు పూతలు నూనెను చక్కగా వికర్షించునుగాని ఆమ్లములో కరగిపోవును. ఇసుక ఒరసి మెత్తని పూతను గీరివేయును. కావున గట్టి స్ఫటికములవైపు చూపు మరలినది. జియోలైటు అను ఖనిజజాతి స్ఫటికములను ఉక్కుతీగపైననే పెంచిన జల్లెడలు, టైటానియం డయాక్సైడు పట్టించిన జల్లెడలు ఇట్లు పుట్టినవే. అన్నిటికంటె జయింప కష్టమైన శత్రువు మాత్రము మనుష్యుడు చేర్చునదే. 2010లో మెక్సికో సింధుశాఖలో నూనెను చెదరగొట్టుటకు సబ్బు స్వభావముగల రసాయనములను పద్దెనిమిది లక్షల గాలనులదాక కుమ్మరించిరి. అట్టివి నూనెకును నీటికిని నడుమనున్న తన్యతను సడలించును. మూడు లాగులలో ఒకటి సడలగనే అంచు కదలును, నూనె కన్నములలో జారును.

అందుచే క్రొత్త పూత ఏదైనను మొదటి పరీక్ష ఒక్కటే. పూతపట్టిన పలకను ఉప్పునీటిలోనో ఆమ్లములోనో కొన్ని దినములు నానబెట్టుదురు. పిమ్మట గాజుతొట్టిలో నీటియడుగున దానినుంచి, నీటికంటె బరువగుటచే తేలక అడుగుకు దిగు డైక్లోరోఈథేనువంటి నూనెద్రవమును సూదితో ఒక బొట్టు వదలుదురు. ప్రక్కనుండి ఛాయాచిత్రము తీసి, బొట్టు అంచున కోణమును కొలుతురు. అది 150 డిగ్రీలు దాటినచో ఆ పూతను పరీక్షలో నెగ్గినదిగా ఎంచి, జల్లెడకు పట్టించి చూతురు.